మైకుల మీద ఫిర్యాదుతో వచ్చిన దర్శకురాలు

2024 అక్టోబరు. కెనడా పడమటి తీరాన మేముండే బర్నబీలో ఆ నెలంతా వానే. మా క్లినిక్ స్కైట్రైన్ స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, పళ్ల డాక్టరు ఆఫీసు పై అంతస్తులో ఉంటుంది. నేను ఆడియాలజిస్ట్‌ని. చెవిపోటు, చీము, ఆపరేషన్లు ఈఎన్‌టీ డాక్టర్లు చూసుకుంటారు. మనిషికి ఎంత వినిపిస్తోంది, ఏది వినిపించడం లేదు అని పరీక్ష చేసి తేల్చడం, అవసరమైనవాళ్లకు హియరింగ్ ఎయిడ్ అమర్చి వాళ్ల చెవికి తగ్గట్టు సరిదిద్దడం నా పని. చదువు హైదరాబాదులో, లైసెన్సు ఇక్కడ. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడే వయసు దాటిపోయాను.

మా చుట్టుపక్కల సినిమా, టీవీ స్టూడియోలు చాలా ఉన్నాయి. అమెరికన్ సీరియళ్లు ఎన్నో ఇక్కడే తీస్తారు. తెర మీద న్యూయార్క్ వీధి అని చూపించేది మా బస్సు రూట్లోనే ఉండొచ్చు. అందుకని పేలుళ్లు చేసేవాళ్లు, స్టంట్లు చేసేవాళ్లు, జనరేటర్ల పక్కన రోజంతా నిలబడేవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. డైరెక్టరు రావడం మాత్రం అదే మొదటిసారి.

ఆమెను ఇక్కడ రూత్ అంటాను. అసలు పేరు అది కాదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. "పేరు మార్చు, మిగతాది మార్చకు" అంది. అరవై దాటిన మనిషి, పొడగరి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. గొడుగు లేకుండా వానలో నడిచొచ్చి, రెయిన్‌కోటు విప్పకుండానే నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. కూర్చునే ముందు ఆ కుర్చీని కాస్త పక్కకు జరిపింది. కిటికీ వెలుగు ఇప్పుడు నా ముఖం మీద పడుతోంది. నేను అది గమనించాను.

"నా చెవులు బాగున్నాయని నాకొక లెటర్ కావాలి. శుక్రవారం లోపల" అంది.

ఎందుకని అడిగాను. ఆమె ఒక కుటుంబ కథ సీరియల్‌కి డైరెక్టరు. సెట్ మీద నటుల మాటలు రికార్డు చేసే సౌండ్ మిక్సర్ పేరు గ్లెన్. వరసగా రెండు ఎపిసోడ్లలో మాటలు స్పష్టంగా లేవని ఆమె ఫిర్యాదు. మైకులు పాతవో, అతను శ్రద్ధ పెట్టడం లేదో, ఏదో ఒకటి. అతన్ని మార్చమని ప్రొడక్షన్ ఆఫీసుకి చెప్పింది. వాళ్లు గ్లెన్‌ని పిలిచి అడిగితే అతను ఒక్క మాటే అన్నాడట.

"‘ముందు ఆవిడని చెవులు చూపించుకోమనండి’ అన్నాడు. నలభై మంది ముందు కాదులెండి, ఆఫీసులో. అయినా అన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. అందుకే లెటర్ అడుగుతున్నా. అది వాళ్ల టేబుల్ మీద పెట్టి, ఇప్పుడు అతన్ని పంపించండి అంటాను."

"పరీక్ష చేస్తాను. వచ్చిన ఫలితం రాసిస్తాను. బాగుంటే బాగున్నాయనే రాస్తాను" అన్నాను.

"ఇంకేం రాస్తారు?" అని నవ్వింది.

సౌండ్ బూత్ అంటే బయటి చప్పుడు రాకుండా కట్టిన చిన్న గది. ఆమెను అందులో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. మధ్యలో గాజు కిటికీ, ఇవతల నా యంత్రం. ముందు రకరకాల చిన్న శబ్దాలు పంపిస్తాం, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. మంద్ర శబ్దాలకు ఆమె టకటకా నొక్కింది. శబ్దం సన్నబడి ఈల స్థాయికి పోతున్నకొద్దీ బొటనవేలు కదలడం మానేసింది. నేను శబ్దం పెంచుతూ పోయాను. ఆమె ముఖంలో అదే ధీమా. తనకు వినిపించనిది వచ్చి వెళ్లిపోయిందని ఆమెకు తెలియదు కదా.

తరువాత మాటల పరీక్ష. దీన్ని నేను ఎప్పుడూ రికార్డు చేసిన గొంతుతోనే చేస్తాను. గాజులోంచి ఆమె కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. అవి కదలకపోయేసరికి మొదటిసారి ఆమె నుదురు ముడిపడింది. చాలా పదాలు తప్పు చెప్పింది. తప్పు చెప్పినవాటిని కూడా ఎంత నమ్మకంగా చెప్పిందంటే, పక్కనుంచి వింటున్నవాళ్లు యంత్రానిదే తప్పనుకుంటారు.

బయటికి వచ్చాక ఆడియోగ్రామ్ చూపించాను. ఎంత సన్నటి శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినిపించిందో చూపే గీత అది. ఆమె గీత ఎడమవైపు, అంటే మంద్ర శబ్దాల దగ్గర, బాగానే ఉండి, కుడివైపు సన్నటి శబ్దాలకి వచ్చేసరికి కొండ మీంచి జారినట్టు కిందికి పడిపోయింది.

"రెండు చెవులకూ హై ఫ్రీక్వెన్సీ లాస్, అంటే సన్నటి శబ్దాలు వినిపించని లోపం, ఉంది. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, చాలా ఏళ్లుగా నెమ్మదిగా వచ్చింది. మీకు గొంతు వినిపిస్తుంది. మాట వినిపించదు" అన్నాను.

తెలుగు పాఠకులకు దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. అచ్చులు మాటకు బలాన్నిస్తే, హల్లులు అర్థాన్నిస్తాయి. ఇలాంటి చెవికి అచ్చులు నిక్షేపంగా వినిపిస్తాయి, సన్నటి హల్లులు జారిపోతాయి. ‘కల’ అన్నా, ‘తల’ అన్నా ‘అల’ లాగే వినిపిస్తుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నారని తెలుస్తుంది కాబట్టి, లోపం మన చెవిలో ఉందని అనిపించదు. వాళ్లు గొణుగుతున్నారని అనిపిస్తుంది.

రూత్ ఆ కాగితాన్ని కాసేపు చూసింది. "మీతో ఇంతసేపు మాట్లాడా. ఒక్క మాటైనా రిపీట్ చేయమన్నానా?"

"లేదు. మీరు నా నోరు చూసి వింటున్నారు. చాలా బాగా చూస్తారు."

"అంటే లెటర్ ఇవ్వరు."

"ఇస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను."

"అయితే వద్దు." లేచింది. తలుపు దగ్గర ఆగింది. "ఇది ఎవరికైనా చెప్తారా?"

"ఇది మీది. మీరు చెప్పమంటే తప్ప నేను ఎవరికీ చెప్పను."

ఆమె వెళ్లిపోయింది.

మా క్లినిక్‌లో నాతోపాటు పనిచేసే పద్మక్కది కరీంనగర్. హియరింగ్ ఎయిడ్ల రిపేర్లు, చెవి ఆకారానికి మూసలు తీయడం అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, పేర్లేమీ లేకుండా ఆవిడతో అన్నాను: "పొద్దున వచ్చినావిడ వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయేలా ఉందక్కా. పోకూడదని నాకు తెలుసు. చెప్పడానికి మాత్రం వీల్లేదు."

పద్మక్క చారు కలుపుకుంటూ విన్నది. "ఆమె సర్టిఫికెట్ కోసమని వచ్చింది. నువ్వు చేతిల జబ్బు పెట్టి పంపినవ్. ఊకుంటదా మరి? కోపం రావాలె, వచ్చింది. మంచిదే."

"శుక్రవారం వరకే టైముంది."

"ఆమెకు కూడా గంతే టైముంది కదా, సునీతా. రాత్రంతా గదే ఆలోచిస్తది. ఎవరన్న నీకు వినపడతలేదు అని నోటితోటి అంటే గొడవ పెట్టుకోవచ్చు. మిషిన్‌తోటి ఏం గొడవ పెట్టుకుంటది?"

నాకు నమ్మకం కలగలేదు. గ్లెన్ అనే ఆ మనిషిని నేను చూసింది లేదు. అయినా ఆ రెండు రోజులు అతని గురించే ఆలోచించాను. స్టూడియోకి ఫోన్ చేసి ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. ఆ ఒక్క ముక్కతో నా లైసెన్సుకీ నా మాటకీ విలువ లేకుండా పోతుంది. ఆగడమే సరైనదని తెలుసు. సరైనది చేస్తున్నప్పుడు మనసు తేలిగ్గా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

గురువారం పొద్దున్న మేము తలుపు తీసేసరికి రూత్ మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో లాప్‌టాప్.

"మీ పరీక్ష అయింది. ఇప్పుడు నా పరీక్ష" అంది.

లాప్‌టాప్‌లో ఒక సీను పెట్టి, తెర నా వైపు తిప్పకుండా హెడ్‌ఫోన్లు మాత్రం ఇచ్చింది. ఇల్లు వదిలి వెళ్లిపోయిన తండ్రిని ఎన్నో ఏళ్ల తరువాత కూతురు కలుస్తుంది. ఎందుకు వెళ్లిపోయావని అడుగుతుంది. తండ్రి తగ్గు గొంతుతో ఒక్క వాక్యం అంటాడు.

"ఏమన్నాడు?"

"ఐ కుడెంట్ స్టే" అన్నాను. ఉండలేకపోయానని.

ఇంకో టేక్ వినిపించింది. అదే మాట. ఇంకోటి. అదే. ఆఖరిదానిలో తండ్రి పాత్రధారి దాదాపు అరుస్తున్నాడు. మాట స్పష్టంగానే ఉంది, సీను మాత్రం చచ్చిపోయింది.

"స్టే అంటున్నాడా? అన్నిట్లోనూ?"

"అన్నిట్లోనూ. మొదటి టేక్‌లో అన్నిటికంటే బాగా అన్నాడు."

"నాకు ‘సే’ అని వినిపిస్తోంది. చెప్పలేకపోయాను అన్నట్టు. ‘ట’ మింగేస్తున్నాడని అతన్ని తిట్టా. అతను మింగడం లేదంటే గ్లెన్‌ని తిట్టా." హెడ్‌ఫోన్లు నా చేతిలోంచి తీసుకుని, తీగ నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టింది. "గట్టిగా చెప్పమన్నా, ఇంకా గట్టిగా అన్నా. ఆయన మంచి నటుడు. ఆ రోజు మేకప్ రూములోకి పోయి తలుపేసుకున్నాడు."

అప్పుడు ఆమె తన కథ చెప్పింది.

ఒహాయోలో ఒక చిన్న ఊరు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. స్థానిక టీవీ స్టేషన్‌లో కేబుళ్లు మోసే పనితో మొదలుపెట్టి, వార్తల మధ్య వచ్చే ఫర్నిచర్ షాపు ప్రకటనలు తీసింది. ముప్పై ఏళ్లప్పుడు స్నేహితుల దగ్గర కెమెరా అడిగి తెచ్చుకుని ఒక చిన్న సినిమా తీస్తే, అది ఫెస్టివల్స్‌లో తిరిగింది. పత్రికలవాళ్లు మెచ్చుకున్నారు. పెద్ద స్టూడియో పిలిచి రెండో సినిమా ఇచ్చింది. అది పూర్తయింది గానీ విడుదల కాలేదు.

"మగవాళ్లకి మూడో సినిమాతో మొదలవుతుంది కెరీర్. నాకు రెండోదానితో ఆగింది. ఫోన్ మోగడానికి ఆరేళ్లు పట్టింది. మోగినప్పుడు టీవీ. హాస్పిటల్ కథలు, కోర్టు కథలు, దయ్యాలు. ఏ డైరెక్టరైనా జబ్బుపడితే ఆ ఎపిసోడ్ నాది. వాన, మంచు, ఏదున్నా టైముకి ముగించేదాన్ని. అలా పాతికేళ్లు. ఇప్పుడు చెవిలో మెషీన్ పెట్టుకుని సెట్ మీదికి పోనా? మగ డైరెక్టరు పెట్టుకుంటే అనుభవం అంటారు. నేను పెట్టుకుంటే వయసు అంటారు."

"అంటారేమో" అన్నాను. అనరని అబద్ధం చెప్పదలచుకోలేదు.

ఆ జవాబు ఆమెకు నచ్చినట్టుంది. కాస్త వెనక్కి వాలింది. "నా పనిలో మౌనం బాగుంటుందని రాస్తారు. నటుల్ని నెమ్మదిగా మాట్లాడిస్తానని, మాటకీ మాటకీ మధ్య ఆపిస్తానని. ఇప్పుడు ఆలోచిస్తున్నా. ఆ మౌనంలో కొంత నాది. కొంత నా చెవులది."

అదే రోజు ట్రయల్‌కి ఒక జత హియరింగ్ ఎయిడ్లు అమర్చాను. చెవి వెనక చిక్కుడు గింజంత యంత్రం, లోపలికి సన్నటి తీగ. ఆన్ చేయగానే ఆమె చేసిన మొదటి పని తన రెయిన్‌కోటు చెయ్యిని వేలితో గీయడం. మళ్లీ గీసింది. "ఇది ఇంత చప్పుడు చేస్తుందా?" అని అడిగింది. పద్మక్క తలుపు సందులోంచి తొంగిచూసి వెళ్లింది.

అయితే సెట్ మీద ఇవి మాత్రమే చాలవు. డైరెక్టరు దూరంగా మానిటర్ ముందు కూర్చుంటుంది. నటుల మాట వైర్‌లెస్ ద్వారా హెడ్‌ఫోన్లలోకి వస్తుంది. ఆ మాటను హెడ్‌ఫోన్లలోకి కాకుండా సూటిగా ఎయిడ్లలోకే పంపించవచ్చు. దాన్ని స్ట్రీమింగ్ అంటాం. చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, సౌండ్ మిక్సర్ బల్ల నుంచి దానికి లైను ఇవ్వాలి.

"అంటే ఆ లైను ఎవరివ్వాలి?" అని అడిగింది, సమాధానం తెలిసి కూడా.

"గ్లెన్ ఇవ్వాలి."

ఆమె పెద్దగా నవ్వింది. తరువాత చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. నేను బ్రోషర్లు తీయలేదు, ఓదార్చలేదు. ఆ నిర్ణయం ఆమె తీసుకోవాల్సింది.

"రేపు పొద్దున్న రాగలరా?" అంది చివరికి. "నా సెట్‌కి. నేను చెప్పేది చెప్పాక మీ అవసరం ఉంటుంది."

స్టూడియో అంటే బయటికి గిడ్డంగిలా ఉంటుంది. లోపల సగం వంటగది, పైకప్పు లేని ఒక హాలు, ఎటు చూసినా దీపాల స్టాండ్లు. మొదటి షాట్‌కి ముందు అందరూ కాఫీ కప్పులతో గుంపుగా నిలబడ్డారు. సౌండ్ యంత్రాలున్న బండి పక్కన నెరిసిన గడ్డంతో లావుపాటి మనిషి ఒకడు తీగలు సర్దుకుంటూ, ఈ వైపు చూడకుండా నిలబడ్డాడు. అతనే గ్లెన్ అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

రూత్ గొంతు పెంచలేదు. "ఒక్క నిమిషం. మన సౌండ్ బాగాలేదని ఈ రెండు వారాలు నేను అందరితో అన్నాను. అది తప్పు. మైకులు బాగున్నాయి, గ్లెన్ పని బాగుంది. బాగాలేనివి నా చెవులు. నిన్న వీటిని పెట్టుకున్నా." తల తిప్పి చెవి వెనక చూపించింది. "ఇప్పుడు ఎవరు గొణిగినా నాకు వినిపిస్తుంది. జాగ్రత్త."

కొందరు నవ్వారు. తండ్రి పాత్ర వేసే నటుడు నవ్వలేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆమె తిన్నగా గ్లెన్ దగ్గరికి నడిచింది. నేను పక్కనే ఉన్నాను.

"సారీ గ్లెన్."

అతను తీగ చుట్టడం ఆపలేదు. "ఈ మాట ఆఫీసులో కూడా చెప్పారా?"

"పొద్దున్నే చెప్పా. నా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా. రాసిచ్చా కూడా."

అప్పుడు తలెత్తాడు. కోపం పూర్తిగా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. కానీ అతను పనివాడు. ఎయిడ్ల వైపు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఫ్రీక్వెన్సీ నుంచి పోయింది?"

ఆమె నా వైపు చూసి తల ఊపింది. చెప్పమని. నేను చెప్పాను. ఆ తరువాత మేమిద్దరం ఒకే భాషవాళ్లం ఊరు కాని ఊళ్లో కలిసినట్టు మాట్లాడుకున్నాం. అతను ట్రాన్స్‌మిటర్‌ని తిప్పి చూసి, మాట చేరడానికి ఆలస్యం ఎంతుంటుందని అడిగి, తన బల్ల నుంచి ఆమె కోసమే వేరే లైను తీశాడు. దీపాలవాళ్లు సర్దుకునేలోపల అంతా సిద్ధమైంది.

ఆ రోజు ముందుగా ఆ తండ్రీకూతుళ్ల సీనునే మళ్లీ తీశారు. నేను గోడకి ఆనుకుని, గ్లెన్ ఇచ్చిన హెడ్‌ఫోన్లలో వింటున్నాను. తండ్రి అలవాటు కొద్దీ గట్టిగా అన్నాడు. రూత్ లేచి అతని దగ్గరికి వెళ్లింది.

"తగ్గించండి."

"వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది. ఇంకా తగ్గించండి. ఆ అమ్మాయికి వినిపిస్తే చాలు."

రెండో టేక్‌లో అతను సగం గొంతుతో అన్నాడు. ఆమె వేళ్లతో ఇంకా తగ్గించమని సైగ చేసింది. మూడోసారి అతను దాదాపు ఊపిరితోనే అన్నాడు. కూతురు వేషం వేసిన అమ్మాయి ముఖం మారిపోయింది. అది స్క్రిప్టులో ఉన్నది కాదని నాబోటి దానికి కూడా తెలిసింది. రూత్ ‘కట్’ అనడానికి కాస్త ఆలస్యం చేసింది. ఆ తరువాత తండ్రి పాత్రధారి ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, కాఫీ బల్ల వైపు నడిచాడు. గ్లెన్ హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుని, "మంచి టేక్" అన్నాడు. అతను ఎవరితో అన్నాడో నాకు తెలియదు. ఆమెకు మాత్రం వినిపించింది.

ఆ తరువాతంతా సాఫీగా సాగిందని చెప్పను. వారం తిరక్కుండా ఆమె క్లినిక్‌కి వచ్చి ఫ్రిజ్ చప్పుడు, కాగితాల చప్పుడు, పక్కవాళ్లు చిప్స్ తినే చప్పుడు భరించలేకపోతున్నానంది. చాలాసార్లు సరిదిద్దాం. ఒక విషయంలో మాత్రం ఆమె నా మాట వినలేదు. రిహార్సల్‌లో ఎయిడ్లు తీసేస్తానంది. ముందు మాట లేకుండా ముఖాలు మాత్రమే చూస్తుందట, టేక్‌కి పెట్టుకుంటుందట. మేము రోజంతా పెట్టుకోమనే చెబుతాం, మెదడు అలవాటు పడాలి కాబట్టి. కానీ పాతికేళ్లు పెదవులూ కళ్లూ చదివి ఆ మనిషి సంపాదించుకున్న విద్య అది. దాన్ని మాన్పించడం నా పని కాదనిపించింది. రిహార్సల్ తప్ప మిగతా రోజంతా పెట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాం.

ఆమె భయపడింది కొంత నిజమే అయింది. ఒక కంపెనీ పిలుస్తామని చెప్పి పిలవలేదు. కారణం వాళ్లు చెప్పలేదు, ఆమె అడగలేదు. కానీ ఈ సీరియల్‌వాళ్లు తరువాతి సీజన్‌కి అన్నిటికంటే ముఖ్యమైన మొదటి ఎపిసోడూ చివరి ఎపిసోడూ ఆమెకే ఇచ్చారు. పోయిన ఎండాకాలంలో కాల్గరీ అవతల పొలాల్లో, తన సొంతంగా ఒక చిన్న సినిమా తీసింది. ఇన్నేళ్ల తరువాత మూడోది. సౌండ్ గ్లెన్‌ది. గాలి ఎక్కువని అతను రోజూ సణుగుతున్నాడని మెసేజ్ పెట్టింది. సణుగుడు కూడా స్పష్టంగా వినిపిస్తోందట.

ఈ కేసు నాకు నేర్పింది పరీక్ష చేసే పద్ధతి కాదు. అది నాకు ముందే వచ్చు. ఫలితం చెప్పాక ఏం చేయాలో నేర్పింది. అంతకుముందు నేను గీత చూపించీ చూపించకముందే వైద్యంలోకి దూకేదాన్ని. ఈ మోడల్, ఆ మోడల్, ట్రయల్, బ్యాటరీ. వినేవాళ్లకు బాధ కలగకూడదని అలా చేస్తున్నాననుకునేదాన్ని. తప్పు ఎదుటివాళ్లదని ఏళ్ల తరబడి నమ్మిన మనిషికి, ఆ తప్పును తన వైపుకి తిప్పుకోవడానికి కాస్త సమయం కావాలి. ఆ సమయంలో మనం మాట్లాడితే అది దొరకదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి, పెన్ను కింద పెట్టి ఊరుకుంటాను.

మొన్న విజయవాడ నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన లెక్చరరు. "మా కోడలు నోట్లోనే మాట్లాడుకుంటుందమ్మా. ఏమన్నావు అని అడిగితే విసుక్కుంటుంది. మాట్లాడ్డమే మానేశాను" అన్నారు. పరీక్ష చేశాను. గీత కుడివైపు జారిపోయి ఉంది. చెప్పాల్సింది చెప్పి పెన్ను కింద పెట్టాను.

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. పద్మక్క అవతల గదిలో డ్రిల్ ఆపింది. చాలాసేపటికి ఆయన మెల్లగా అన్నారు.

"ఆ అమ్మాయి కింద కార్లో ఉందమ్మా. ఒకసారి పైకి రమ్మంటాను. నువ్వేం చెప్పకు, నేనే చెప్తా."